మెల్‌బోర్న్‌లో క్లబ్ క్రికెట్: చేరే ముందు సీజన్ ఎలా ఉంటుందో తెలుసుకోండి

ప్రశ్న: "నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు చాలా ఆడాను, లెదర్ బాల్ ఎప్పుడూ ఆడలేదు. మెల్‌బోర్న్ పడమర వైపు టార్నీట్ వచ్చి ఏడాదైంది. ఇక్కడ క్లబ్‌లో తీసుకుంటారా? సీజన్ ఎలా ఉంటుంది, ఎంత ఖర్చవుతుంది? ఇంట్లో చిన్న పాప ఉంది."

తీసుకుంటారు, అందులో అనుమానం అక్కర్లేదు. మెల్‌బోర్న్‌లో దాదాపు ప్రతి సబర్బ్‌కీ ఒక క్లబ్ ఉంటుంది, ప్రతి క్లబ్‌లోనూ శుక్రవారం రాత్రి ఫోర్త్ ఎలెవన్‌కి, అంటే నాలుగో జట్టుకి, పదకొండో మనిషి దొరక్క కెప్టెన్ ఫోన్ పట్టుకుని తిరుగుతుంటాడు. మీకు బ్యాట్ పట్టుకోవడం తెలిస్తే చాలు, తెలియకపోయినా ఫీల్డింగ్‌కి నిలబడితే చాలు. ఇబ్బంది మీ ఆటతో రాదు, మీ శనివారాలతో వస్తుంది. చాలా సీజన్లుగా, తూర్పు సబర్బ్‌లలో కొన్నాళ్లు, ఇప్పుడు పడమర వైపు ఆడుతున్నాను కాబట్టి మనవాళ్లు ఎక్కడ చేరతారో, ఏ నెలలో మానేస్తారో చూస్తూనే ఉన్నాను. మానేసినవాళ్లలో ఆట రాక మానేసినవాళ్లు తక్కువ. క్లబ్ అంటే శనివారం పూట నాలుగు సిక్సర్లు కొట్టి ఇంటికొచ్చేయడం అనుకుని చేరినవాళ్లే ఎక్కువ.

ముందు ఈ మెట్లు ఎలా ఉంటాయో చెప్తాను. అన్నిటికన్నా పైన ప్రీమియర్ క్రికెట్, మగవాళ్ల పోటీలో 18 క్లబ్‌లు. షేన్ వార్న్ సెయింట్ కిల్డా క్లబ్‌కి ఆడింది అక్కడే. 2021 బాక్సింగ్ డే టెస్టులో నాలుగు ఓవర్లు వేసి ఏడు పరుగులకే ఆరు వికెట్లు తీసిన స్కాట్ బోలండ్ ఫ్రాంక్‌స్టన్ పెనిన్సులా క్లబ్ మనిషి. దాని కింద సబ్ డిస్ట్రిక్ట్, దాని కింద మనలాంటివాళ్లు ఆడే లోకల్ అసోసియేషన్లు. విక్టోరియన్ టర్ఫ్, ఈస్టర్న్, రింగ్‌వుడ్, డాండినాంగ్, విలియమ్స్‌టౌన్ ఇలా ఏరియాకొకటి. ఒక్కో క్లబ్ ఒక్కో అసోసియేషన్‌లో నాలుగైదు జట్లు దింపుతుంది: ఫస్ట్ ఎలెవన్, సెకండ్స్, థర్డ్స్, ఇంకా కిందకి. ఫస్ట్ ఎలెవన్‌లో సీరియస్ ఆటగాళ్లుంటారు, కొన్ని క్లబ్‌లు డబ్బిచ్చి కూడా తెచ్చుకుంటాయి, ఇంగ్లండ్ నుంచో శ్రీలంక నుంచో ఒక కుర్రాడు సీజన్ మొత్తం వచ్చి ఉంటాడు. అది మన గొడవ కాదు. మీరు మొదలుపెట్టేది ఫోర్త్స్‌లోనో ఫిఫ్త్స్‌లోనో, అక్కడ పద్నాలుగేళ్ల పిల్లాడూ, అతని నాన్నా, మోకాలికి పట్టీ కట్టుకున్న అరవై ఏళ్ల పెద్దాయనా ఒకే జట్టులో ఉంటారు. ఆ పెద్దాయన్ని తక్కువ అంచనా వేయకండి, అతను వేసే నెమ్మది బంతికి మీరు అవుటయ్యే అవకాశం చాలా ఉంది.

సీజన్ లెక్క ఇది. జులై, ఆగస్టుల్లో ఇండోర్ నెట్స్. సెప్టెంబర్ ఆఖరి శనివారం ఫుట్‌బాల్ (సాకర్ కాదు, ఇక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట) గ్రాండ్ ఫైనల్, అప్పటిదాకా గ్రౌండ్ ఫుట్‌బాల్ వాళ్లది. గ్రౌండ్‌లు కౌన్సిల్‌వి, చలికాలం వాళ్లకీ ఎండాకాలం మనకీ ఇస్తారు. అక్టోబర్ మొదటివారం డేలైట్ సేవింగ్ మొదలవుతుంది, అటూ ఇటూగా మన మొదటి మ్యాచ్ కూడా. అక్టోబర్‌లో వాన వల్ల ఒకటో రెండో మ్యాచ్‌లు పోతాయి, గడ్డి తడిగా ఉండి ఎంత గట్టిగా కొట్టినా బంతి ముప్పై గజాల్లో ఆగిపోతుంది. బౌండరీ దగ్గర నిలబడితే గూడు కట్టుకున్న మ్యాగ్‌పై పిట్టలు నెత్తి మీదకి దూసుకొస్తాయి, నవ్వకండి, టోపీ పెట్టుకోండి. నవంబర్‌లో మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం వారాంతం చాలాచోట్ల సెలవు. క్రిస్మస్ ముందు ఆగి జనవరి రెండో వారంలో మళ్లీ మొదలు. మార్చిలో ఫైనల్స్. ఆ తర్వాత బహుమతుల రాత్రి, క్లబ్ వార్షిక సమావేశం, మళ్లీ ఫుట్‌బాల్.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టూ డే మ్యాచ్. టెన్నిస్ బాల్ నుంచి వచ్చినవాళ్లకి ఇది ఊహకి కూడా అందదు. మొదటి శనివారం ఒక జట్టు బ్యాటింగ్, వచ్చే శనివారం రెండో జట్టు బ్యాటింగ్. పై గ్రేడ్లలో రోజుకి 80 ఓవర్ల దాకా వేస్తారు, కింద గ్రేడ్లలో తక్కువ, ఇప్పుడు చాలా అసోసియేషన్లు కిందివాళ్లకి వన్ డే మ్యాచ్‌లే ఎక్కువగా పెడుతున్నాయి, కానీ టూ డే పూర్తిగా పోలేదు. అంటే ఎలా ఉంటుందంటే, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఆరున్నర దాకా మీరు మిడ్ వికెట్‌లో నిలబడ్డారు, రెండు బంతులు ఆపారు, ఒక క్యాచ్ మీ పక్కవాడికి వెళ్లింది, ఇంటికి వెళ్లారు. వారమంతా "వచ్చే శనివారం నా బ్యాటింగ్" అని అనుకున్నారు. ఆ శనివారం వచ్చింది, మీరు ఎనిమిదో నంబర్, ప్యాడ్లు కట్టుకుని మూడు గంటలు కుర్చీలో కూర్చున్నారు, వెళ్లారు, రెండో బంతికే అవుట్. రెండు శనివారాలు, రెండు బంతులు. ఇది అరుదుగా జరిగేది కాదు, ప్రతి సీజన్‌లో ప్రతివాడికీ జరుగుతుంది. ఇంటికొచ్చాక "ఎన్ని కొట్టారు" అని మీ ఆవిడ అడిగితే చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి.

కానీ నాకు టూ డే అంటేనే ఇష్టం, దానికి కారణం ఉంది. టీ ట్వంటీలో మీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి టైం లేదు, మంచిగా ఆడటానికీ టైం లేదు. ఇక్కడ గంటన్నర ఉండి పదిహేను పరుగులు చేసినా జట్టు మెచ్చుకుంటుంది, అవతలివాడు అరవై కొట్టడానికి మీరు ఒక ఎండ్ ఆపారు కాబట్టి. పాయింట్లు ఎక్కువగా మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం మీదే ఇస్తారు, ఆఖరి వికెట్‌కి ఎనిమిది పరుగులు కావాల్సి వచ్చినప్పుడు పదకొండో నంబర్ అకౌంటెంట్ ఆడే ఆ అరగంట ఏ ఐపీఎల్ మ్యాచ్‌లోనూ దొరకదు.

అంపైరింగ్ గురించి కూడా ముందే తెలుసుకోండి. పై గ్రేడ్లకి అసోసియేషన్ అంపైర్లని పంపిస్తుంది. కింద గ్రేడ్లలో బ్యాటింగ్ జట్టువాళ్లే వంతులవారీగా అంపైరింగ్ చేయాలి, స్కోరు కూడా వాళ్లే రాయాలి, ఇప్పుడు ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో ప్లేహెచ్‌క్యూ అనే ఆన్‌లైన్ సిస్టమ్‌లో ఎక్కిస్తారు. మీ కెప్టెన్ ప్యాడ్‌కి బంతి తగిలి అవతలి పదకొండుమందీ అరుస్తుంటే వేలు ఎత్తాల్సింది మీరే. అవుటైతే ఎత్తండి. ఎత్తకపోతే ఆ రోజు గెలుస్తారేమో గానీ మీ పేరు రెండు క్లబ్‌లలో పాడవుతుంది. మనవాళ్లకి ఇక్కడ మొహమాటం ఎక్కువ, అందుకే చెప్తున్నాను.

పిచ్ విషయం. టార్నీట్, ట్రుగనీనా వైపు కింద గ్రేడ్లలో ఎక్కువగా సింథటిక్ పిచ్‌లే, అంటే కాంక్రీటు మీద పచ్చటి కృత్రిమ గడ్డి. చలికాలంలో ఫుట్‌బాల్ కోసం దాన్ని కప్పేస్తారు. ఈ పిచ్ మీద బంతి లేస్తుంది, చాలా లేస్తుంది. మన అలవాటు కొద్దీ ముందుకి కాలు వేసి బలంగా డ్రైవ్ చేయబోతే అది బ్యాట్ పైభాగానికి తగిలి గాల్లోకి పోతుంది. కట్, పుల్ రెండూ నేర్చుకోండి, వెనక్కి వెళ్లి ఆడటం నేర్చుకోండి, సీజన్ మొత్తం ఆ రెండు షాట్లతో గడిచిపోతుంది. నిటారు బౌండరీలు దూరం, గ్రౌండ్ ఫుట్‌బాల్ ఓవల్ కదా, పక్క బౌండరీలు దగ్గర. బౌలర్ అయితే ఇంకా మంచిది, స్టంపులకి వేస్తే పైనుంచి పోతుంది కాబట్టి బంతిని బ్యాట్స్‌మన్‌కి ఇంకొంచెం దగ్గరగా వేయాలి, ఎల్బీలు అడిగి గొంతు పాడుచేసుకోకండి. సింథటిక్ మీద మేకుల షూ వేసుకోనివ్వరు, రబ్బరు సోల్ ఉండాలి. టర్ఫ్, అంటే నిజమైన గడ్డి పిచ్, అయితే దీనికి పూర్తిగా వేరు, అక్టోబర్‌లో బంతి ఆగి ఆగి వస్తుంది, ఫిబ్రవరికి గట్టిపడి బాగా వస్తుంది. మేకుల షూ లేకపోతే అక్కడ జారిపడతారు. క్లబ్ ఏ పిచ్ మీద ఆడుతుందో కనుక్కున్నాకే షూ కొనండి.

టెన్నిస్ బాల్ ఆడినవాళ్లకి ఒక లాభం, ఒక నష్టం. చేయి వేగంగా తిరుగుతుంది, కన్ను బాగుంటుంది, అది లాభం. నష్టం ఏంటంటే లెదర్ బంతి 156 గ్రాములు, అది వేలికి తగిలితే వేలు ఉబ్బుతుంది, మొదటి నెలలో స్లిప్‌లో నిలబడమంటే వద్దని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. నెట్స్‌లో మీకు తెలియకుండానే తల పక్కకి తిప్పేస్తారు, అది పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. హెల్మెట్ లేకుండా మాత్రం ఒక్క బంతి కూడా వద్దు.

ఎండ గురించి హైదరాబాద్‌వాళ్లకి నేను చెప్పేదేముంది అనుకోకండి. ఇక్కడి ఎండ వేరు, ఇరవై అయిదు డిగ్రీలున్నా చర్మం కాలిపోతుంది, యూవీ అంత ఎక్కువ. సన్‌స్క్రీన్, పెద్ద అంచు టోపీ, పొడవు చేతుల చొక్కా. జనవరిలో ఉత్తరం గాలి వీస్తే నలభై దాటుతుంది, చాలా అసోసియేషన్లకి హీట్ పాలసీ ఉంది, ముందురోజు అంచనా ఒక హద్దు దాటితే మ్యాచ్ రద్దు. అలాంటి రోజే సాయంత్రం నాలుగింటికి దక్షిణం నుంచి గాలి తిరిగి పది నిమిషాల్లో పదిహేను డిగ్రీలు పడిపోతుంది, స్వెటర్ కారులోనే ఉంచండి, ఏ నెలైనా సరే.

క్లబ్‌ని ఎలా ఎంచుకోవాలి? నా సలహా, గురువారం సాయంత్రం వెళ్లి చూడండి. చాలా క్లబ్‌లలో మంగళ, గురువారాలు ప్రాక్టీస్, గురువారం రాత్రి జట్ల ప్రకటన, బార్బెక్యూ. ఆ రాత్రి కిందజట్టు వాళ్లు కూడా ఉండి తింటున్నారా, ఫస్ట్ ఎలెవన్ కెప్టెన్ ఫిఫ్త్స్ వాళ్లతో మాట్లాడుతున్నాడా, పిల్లలు తిరుగుతున్నారా, ఇవి చూస్తే చాలు. గెలుపు ఓటముల పట్టిక తర్వాత చూసుకోవచ్చు. జట్టు ఎంపికకి కూడా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. ప్రాక్టీస్‌కి రాని మంచి బ్యాట్స్‌మన్ కన్నా రోజూ వచ్చే మామూలు మనిషికే ముందు చోటు దొరుకుతుంది, కింద గ్రేడ్లలో అయితే తప్పకుండా.

అంతా మనవాళ్లే ఉండే జట్టులో చేరాలా, పాత ఆస్ట్రేలియన్ క్లబ్‌లో చేరాలా అని చాలామంది అడుగుతారు. పడమర వైపు ఇప్పుడు చాలా క్లబ్‌లలో సగం మంది ఇండియన్లు, శ్రీలంకవాళ్లే కాబట్టి ఈ తేడా పెద్దగా మిగల్లేదు. ఆదివారం టీ ట్వంటీ లీగ్‌లు కూడా ఉన్నాయి, అందులో తెలుగువాళ్ల జట్లు చాలా ఉన్నాయి, శనివారం కుదరదంటే అవి బాగానే ఉంటాయి. కాకపోతే ఊరు తెలియాలంటే, పక్కింటి ప్లంబర్, కౌన్సిల్ ఉద్యోగి, స్కూల్ టీచర్ మీకు పేరు పెట్టి పిలిచేవాళ్లు కావాలంటే శనివారం క్లబ్ లాంటిది ఇంకోటి నాకు కనపడలేదు. పేరు పెట్టి అంటే మీ పేరు కాదులెండి, రెండో వారానికే వాళ్లు కత్తిరించి ఏదో ఒకటి పెడతారు. వేంకట సుబ్రహ్మణ్యం అనే మనిషి పాస్‌పోర్ట్‌లో మాత్రమే మిగులుతాడు.

తాగకపోతే కలుపుకుంటారా అన్న భయం వద్దు. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ గదిలో కూర్చుంటాయి, ఆ అరగంట ఉండండి, చేతిలో కోక్ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. బీఫ్, పోర్క్ తినకపోతే బార్బెక్యూ చూసేవాడికి ముందే చెప్పండి, వెజ్ ప్యాటీలు పెట్టడం ఇప్పుడు మామూలే. మధ్యలో టీ విరామం ఇరవై నిమిషాలు, ఇంట్లో చేసిన పులిహోర డబ్బా తీసుకెళ్తే మూడో వారం నుంచి అవతలి జట్టు కూడా అడుగుతుంది.

మాటల గురించి. ఫీల్డింగ్‌లో కవ్వింపు ఉంటుంది, దాన్ని పట్టించుకోకుండా ఉంటే మూడు ఓవర్లలో వాళ్లకే విసుగొస్తుంది. కానీ మీ రంగు మీద, దేశం మీద, యాస మీద మాటొస్తే అది వేరు, దాన్ని ఆటలో భాగం అని సర్దుకోకండి. ఆ క్షణమే కెప్టెన్‌కి, అంపైర్‌కి చెప్పండి, ఓవర్ నంబర్ గుర్తుపెట్టుకోండి, క్లబ్ ద్వారా అసోసియేషన్‌కి రిపోర్ట్ వెళ్తుంది, అక్కడ ట్రిబ్యునల్ ఉంటుంది, సస్పెన్షన్లు పడతాయి. "కొత్తవాళ్లం కదా ఎందుకులే" అని మన పెద్దవాళ్లు కొందరు ఆపబోతారు, వినకండి.

ఖర్చు. సీజన్ ఫీజు క్లబ్‌ని బట్టి కొన్ని వందల డాలర్లు, కొన్నిచోట్ల దానికి తోడు మ్యాచ్‌కి ఇంత అని తీసుకుంటారు. స్టూడెంట్లకి తగ్గిస్తారు, వాయిదాల్లో కట్టనిస్తారు, అడగడానికి సిగ్గుపడొద్దు. కిట్ మొత్తం మొదటి రోజే కొనొద్దు. ప్యాడ్లు, హెల్మెట్ క్లబ్ బ్యాగులో ఉంటాయి. గార్డు (ప్యాంటు లోపల పెట్టుకునేది), గ్లవ్స్, షూ మాత్రం సొంతవి. బ్యాట్ ఇండియా వెళ్లినప్పుడు మీరట్ సరుకు తెచ్చుకుంటే ఇక్కడి ధరలో చాలా మిగులుతుంది, అయితే టెన్నిస్ బాల్ బ్యాట్ తేకండి, లెదర్ బంతికి అది రెండు వారాల్లో చీలిపోతుంది. రిజిస్టర్ అయితే ఆటగాడి ఇన్సూరెన్స్ వస్తుంది, కానీ ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్ కిందకి వచ్చే ఖర్చులకి అది ఇవ్వదు. ఇంకొకటి, విక్టోరియాలో అంబులెన్స్ మెడికేర్‌లో లేదు, వేసవిలో మైదానం నుంచి ఒక్కసారి వెళ్తే బిల్లు వేలల్లో రావచ్చు. అంబులెన్స్ విక్టోరియా సభ్యత్వం ఏడాదికి ఒక్కరికి 50 డాలర్ల పైచిలుకు, కుటుంబానికి దానికి రెట్టింపు. క్రికెట్ ఆడకపోయినా తీసుకోవాల్సిందే అది.

ఇక ఇల్లు. పాప చిన్నది అన్నారు కాబట్టి ఇంట్లో కూర్చుని మాట్లాడాకే చేరండి. పదకొండున్నరకి బయల్దేరితే రాత్రి ఏడున్నరకి వస్తారు, కోన్లు పెట్టడం, తీయడం, బరువులు మోయడం కూడా జట్టు పనే. మొదటి సీజన్‌కి వన్ డే గ్రేడ్ అడగండి, లేదా "వారం విడిచి వారం వస్తాను" అని ముందే చెప్పండి, ఫోర్త్స్ కెప్టెన్లకి అది కూడా వరమే. చెప్పకుండా శనివారం పొద్దున మెసేజ్ పెట్టడం మాత్రం వద్దు, పదిమందితో ఆడాల్సి వస్తుంది, అది వాళ్లు మర్చిపోరు. డిసెంబర్, జనవరుల్లో ఇండియా వెళ్లేవాళ్లం మనమే ఎక్కువ, సంక్రాంతి చూసుకుని వస్తే రెండు రౌండ్లు పోతాయి, తేదీలు నవంబర్‌లోనే సెలెక్టర్‌కి ఇచ్చేయండి. ఫైనల్స్ ఆడాలంటే ఆ జట్టుకి ఇన్ని మ్యాచ్‌లు ఆడి ఉండాలని రూల్ ఉంటుంది, అది కూడా ఆ లెక్కలో చూసుకోండి. కొన్నేళ్లు మార్చిలో సెమీఫైనల్, ఉగాది దగ్గర దగ్గరగా పడతాయి, ఆ సంగతి మీరూ మీ ఆవిడా తేల్చుకోండి, నేను మధ్యలోకి రాను. అన్నట్టు ఆవిడకి ఆసక్తి ఉంటే చాలా క్లబ్‌లలో ఆడవాళ్ల జట్లున్నాయి, మా వైపు బ్యాట్ ఎప్పుడూ పట్టుకోని తెలుగు ఆడవాళ్లు చేరి ఇప్పుడు ఓపెనింగ్ చేస్తున్నారు. పాపకి అయిదేళ్లొస్తే చిన్నపిల్లలకి క్రికెట్ నేర్పే క్రికెట్ బ్లాస్ట్ ఉంది, అక్కడ సాయం చేయాలంటే మీకు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేయడానికి అనుమతి) కావాలి, వాలంటీర్లకి అది ఉచితం.

2024 డిసెంబర్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ మైదానం ఎంసీజీలో టెస్టులో 114 కొట్టాక, అవతల సిరాజ్ నిలబడి ఉండగా ఆ సెంచరీ అయ్యాక, జనవరిలో నెట్స్‌కి వచ్చే తెలుగువాళ్లు పెరిగారని నాకనిపించింది. వాళ్లలో చాలామందికి ప్రతి వారం చోటు దొరకలేదు, ఎందుకంటే జనవరికి జట్లు కుదురుకుని ఉంటాయి. మీరు ఆగస్టులోనే ప్లేహెచ్‌క్యూలో టార్నీట్, హాపర్స్ క్రాసింగ్, వెరిబీ చుట్టుపక్కల క్లబ్‌లు వెతికి రెండు మూడింటికి మెసేజ్ పెట్టండి. జవాబు ముందు ఎవరిస్తారో వాళ్ల ఇండోర్ నెట్స్‌కి వెళ్లండి, ఒక్కసారికి ఎవరూ డబ్బులడగరు. వెళ్లేటప్పుడు గార్డు మాత్రం మర్చిపోకండి, క్లబ్ బ్యాగులోది వాడాలనిపించదు.